పిడి విరిగిన కత్తులు

ఉక్కునకు ఆయుస్సు మెండు. పిడికి ఆయుస్సు కొంచెము. ఈ మాట వంటయింట మెలగు ప్రతి యిల్లాలికిని అనుభవసిద్ధమే. కత్తిపీట అలుగు మూడు తరములవరకు తెగును. దాని పీట యీలోగా రెండుసార్లయినను మారును. అట్లకాడ అరుగదు గాని దాని కొయ్యపిడి వదులై, ఊగి, తుదకొకనాడు ఊడి చేతిలోనికి వచ్చును. కొడవలి, గొడ్డలి, పార, దేనిని జూచినను తీరు ఇదియే. ఐనను మనము కత్తిని మెచ్చుకొందుము గాని పిడిని మెచ్చుకొనము. కత్తి యెక్కడిదని యడుగుదుము గాని పిడి దేనితో చేసినదని యడుగము. ఈ యలవాటువలన పాతవస్తువులను బాగుచేయబూనిన వారి కెన్ని చిక్కులు వచ్చునో మేము కొన్ని మాసములుగా చూచుచున్నాము. ఆ యనుభవమును సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

మేమనగా ఈ యింటి తోడికోడండ్ర మిరువురము. మేము బాగుచేయబూనినవి పాతకాలపు మంగలికత్తులు. "ఆడువారికి మంగలికత్తులతో నేమి పని?" యని కొందరికి తోపవచ్చును. మగవారు వాడి విడిచిన వస్తువులను తుడిచి, పెట్టెలలో దాచి, చెదలు పట్టకుండ జూచి, తరువాతి తరమున కందించు పని యే యింటనైనను స్త్రీలదే గదా. దాచినవారికి దాచినదానిని గూర్చి తెలిసికొను హక్కు గలదు. అంతేకాదు, మా యింటి కత్తుల కథ మగవారి గడ్డములయొద్దనే యాగిపోలేదు. అది స్త్రీల తలలవరకును వచ్చినది. ఆ సంగతి కడపట చెప్పెదము.

అటుకమీది రేకుపెట్టెలో దొరికిన కత్తులు నాలుగు. మా మామగారును, వారి తండ్రిగారును వాడినవి. మామగారు గతించి యిరువదియేండ్లయినది. అత్తగారి వయస్సు ఎనుబది దాటినది. నాలుగింటిలో మొదటిది నల్లని కొమ్ముపిడి గల షెఫీల్డు కత్తి. రెండవది తెల్లని పిడి గల జర్మనీ కత్తి, సోలింగెను పట్టణమున చేసినది. దానికి ఇంటిలో "దంతపు కత్తి" యని పేరు. మూడవదాని నల్లపిడిమీద పూలతీగ అచ్చొత్తబడియున్నది. నాలుగవది ఊరి కమ్మరి కొట్టిన పొట్టికత్తి; దాని పిడి మాకు దొరకునప్పటికే సగమునకు విరిగియుండెను. మా తోడికోడలి కుమారుడు వీనిని చూచి, "పెద్దమ్మా, వీనిని బాగుచేసికొని నేను వాడుకొందును" అనెను. ఒక్కసారి వాడి పారవేయు బ్లేడుల కాలమున పిల్లవానికి తాతగారి కత్తిపై మనసు పోవుట మాకు సంతోషమే కలిగించినది. అత్తగారు మాత్రము, "మీ యిష్టము" అని యూరకుండిరి.

పని మొదలుపెట్టుటకు ముందు మా వీధిలో క్షురకవృత్తియందు అరువదియేండ్లు గడిపిన పెద్దాయనను పిలిపించి చూపితిమి. ఆయన నాలుగింటిని వెలుతురునకు పట్టి చూచి, అంచులపై బొటనవ్రేలు అడ్డముగా రాచి, "ఉక్కు మంచిది తల్లీ. ఉక్కుకు నేను పూచీపడుదును. పిడికి మాత్రము పూచీపడను" అనెను. ఆ మాటలోని బరువు మాకు పిమ్మట దెలిసినది.

మంగలికత్తి కట్టడము చూచుటకు సులభము. కత్తివెన్ను దళసరి, అంచు పలుచన. సానపై పరచినప్పుడు వెన్నును అంచును రెండును రాతికి తగులును. వెన్ను దళసరియే అంచునకు పదునుకోణమును నిర్ణయించును. కావున తుప్పు వదలించు తొందరలో వెన్నును అరగదీసినచో తరువాత నెంత నూరినను పదును నిలువదు. పిడి రెండు పలుచని రేకులు. ఒక కొనయందు కత్తి మొదలు వాని నడుమ చీలపై తిరుగును. రెండవ కొనయందు రేకులను ఎడముగా నుంచుటకొక చిన్న ఒత్తు ఉండును. పెక్కు పాత కత్తులలో ఆ ఒత్తు సీసపుది. చీల సన్నని ఇత్తడితీగ. దాని రెండు కొనలును చిన్న సుత్తితో మెల్లగా కొట్టి గొడుగువలె పరచబడియుండును. ఎక్కడను మర లేదు. కాబట్టి దీనిని విప్పవలెనన్నచో చీల తలను ఆకురాతితో అరగదీసి, సన్నని ములుకు పెట్టి వెలుపలికి తట్టవలెను. చీలను చంపిగాని పిడి విడదన్నమాట.

మరి విప్పుట యెందులకు? తుప్పు పైపైన మాత్రమే యుండదు గనుక. నీరు నిలుచు చోటు చీలయొద్దనే. తడి గుడ్డ చేరని చోటు పిడి రేకుల నడుమనే. పైకి మెరయు కత్తి లోపల మొదలంట తినబడియుండవచ్చును. శుభ్రము చేయవలెనన్న విప్పవలెను. విప్పిన పిడి విరుగవచ్చును. ఈ పనిలోని విసుగంతయు ఈ రెండుమాటల నడుమ నున్నది.

ఈ ఉక్కును గూర్చి తెలుగువారు తెలిసికొనదగిన మాట యొకటి కలదు. 1740 ప్రాంతమున బెంజమిను హంట్సుమను అను గడియారములపనివాడు షెఫీల్డు పరిసరములందు మూసలో ఉక్కును కరగించు విధానమును సాధించెను. షెఫీల్డు కత్తుల ఖ్యాతికి అది పునాది. కాని మూసలో ఉక్కు చేయుట దక్షిణాపథమున అంతకు ఎన్నియో శతాబ్దములు పూర్వమే తెలిసిన విద్య. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము అట్టి ఉక్కునకు పేరుగన్నది. ఐరోపావారు దానిని "వూట్జు" అని పిలిచిరి. తెలుగు కన్నడములలోని "ఉక్కు" అను మాటయే దానికి మూలమని పెక్కుమంది పండితుల యభిప్రాయము. 1795లో జార్జి పియర్సను అను శాస్త్రజ్ఞుడు లండనులోని రాయల్ సొసైటీకి ఈ వూట్జును గూర్చి వ్యాసము సమర్పించెను. జేమ్సు స్టోడార్టు అను లండను కత్తులపనివాడు మన వూట్జుతో మంగలికత్తులు చేసి యమ్మెను. విద్యుచ్ఛాస్త్రమునందు ప్రఖ్యాతుడైన మైకేలు ఫారడే ఆ స్టోడార్టుతో గూడి 1820 ప్రాంతమున ఉక్కుమిశ్రమములను పరిశోధించెను. తాము సాధించిన ఉక్కుతో చేయించిన మంగలికత్తులను మిత్రులకు బహూకరించెను. ఉక్కున కింత చరిత్ర గలదు. కాని ఆ యుక్కు మనుష్యుని చేతికి అందినది పిడిద్వారమున. ఆ పిడియే మమ్ము ముప్పుతిప్పలు పెట్టినది.

మొదట కొమ్ముపిడి. గేదెకొమ్మును వేడిచేసి మెత్తపరచి, అదిమి, పలుచని రేకులుగా జేయుదురు. 1936 వరకు మదరాసు రాజధానిలో నుండి, ఆ యేట ఒరిస్సాలో జేరిన పర్లాకిమిడి యీ కొమ్ముపనికి ప్రసిద్ధి. అక్కడి దువ్వెనలును, కొంగలును, కొలువుబొమ్మలును మనలో కొందరి యిండ్లలో నేటికిని గలవు. కొమ్ము మన గోళ్ళవంటిదే, వెండ్రుకలవంటిదే. మూడింటిలోను ఉన్నది కెరటిను అను నొకే పదార్థము. కావుననే వెండ్రుకకు వచ్చు కష్టములన్నియు దీనికిని వచ్చును. ఎండినచో బిరుసెక్కును, పొరలు పొరలుగా లేచును. ఉన్నిబట్టలను కొరుకు పురుగు దీనినిగూడ కొరుకును. ఏండ్లు గడచినకొలది కొమ్ము ముడుచుకొనును. దానిలోని ఇత్తడిచీల ముడుచుకొనదు సరిగదా, చిలుము పట్టి లావగును. కొమ్ము బిగియుచుండ చీల ఒత్తుచుండును. బీట పుట్టునది చీల రంధ్రముకడనే.

మా కొమ్ముపిడికి నడుమ నల్లదారము చుట్టి, దారముపై లక్క పూయబడియుండెను. అది మామగారి చేతిపని. బీటవారిన పిడిని పారవేయక, ఒక వేసవి మధ్యాహ్నము అరుగుపై గూర్చుండి తామే కట్టుకొనిరట. ఆ కత్తిని విప్పుటకు పట్టణములో పేరుబడిన కంచరిపనివానిని పిలిపించితిమి. అతడు పిడిని రెండుదినములు నూనెలో నానబెట్టించెను, చీలతలను అరగదీసెను, క్రింద మెత్తని కొయ్యదిమ్మ పెట్టి, ములుకుతో మిక్కిలి మెల్లగా తట్టెను. మూడవ దెబ్బకు పిడి చీలనుండి లక్కకట్టువరకు నిలువున పగిలినది. అతని పనిలో లోపము లేదు. లక్కక్రింద దాగిన పాతబీట ఎన్నడో పైకి ప్రాకి యుండెను. లోపలి చీలయే పిడిని ఇన్నాళ్ళు పట్టుకొనియుండెను. చీల పోగానే పిడి పోయినది. అత్తగారు ఆ రెండు ముక్కలను తీసికొని, దారపుముడి చెదరకుండ గుడ్డలో చుట్టి, తమ పెట్టెలో పెట్టుకొనిరి. ఒక్కమాటయు అనలేదు. కోపపడియున్నచో మాకు సులువుగా నుండెడిది.

రెండవది "దంతపు కత్తి." చుట్టములు వచ్చినప్పుడెల్ల దీనిని తీసి చూపుట ఈ యింటి యాచారము. పెద్దాయన దాని పిడిపై గీతలను చూచి నవ్వెను. నిజమైన దంతమును అడ్డముగా కోసినచో ఒకదానిపై నొకటి పోవు సన్నని వంకగీతల వల కనబడును. దీనిమీద గీతలు పలకపై గీసిన చారలవలె సమముగా, తిన్నగా నున్నవి. ఇది దంతము కాదు, సెల్యులాయిడు. అమెరికాలో హయాటు సోదరులు 1870లో పేటెంటు పొందిన పదార్థము. బిలియర్డు ఆటబంతులకు దంతము దుర్లభమగుటచే దానికి బదులుగా వెదకి పట్టినది. దూదివంటి పదార్థమును నత్రికామ్లముచే మార్చి కర్పూరముతో కలిపి చేయుదురు. పూర్వము మన గాజులును, దువ్వెనలును, బొమ్మలును దీనితో వచ్చుచుండెడివి. ఆ దువ్వెనలు దీపముకడకు పోయినచో భగ్గున మండుటయు పెద్దలెరిగినదే.

ఇందులో నొక వింత గలదు. ఆ రేకుపెట్టె తెరచినప్పుడెల్ల కర్పూరపువాసన వచ్చుచుండెను. పురుగు పట్టకుండ ఎవరో కర్పూరము వేసియుందురని యింటివారందరు అనుకొనుచుండిరి. ఎవరును వేయలేదు. ఆ వాసన పిడిదే. సెల్యులాయిడునకు మెత్తదన మిచ్చునది కర్పూరము. అది ఏటేట హరించిపోయినకొలది పిడి ముడుచుకొని పెళుసగును. అటుపిమ్మట లోపలి నత్రికామ్లము ఆవిరియై వెలువడి ప్రక్కనున్న యుక్కును తినును. మేము కత్తిని తెరచి చూడగా, పిడి తాకినంతమేర, పిడి యాకారముననే, ఎఱ్ఱని తుప్పు పట్టియుండెను. కాపాడుటకు పెట్టిన ఒరయే కత్తిని తినివేసినది. తెరచిన మరుక్షణమున పిడి అప్పడమువలె మూడుచోట్ల చిట్లినది. సుత్తి తగులనే లేదు. పెట్టెలోని తక్కిన కత్తులమీది మచ్చలకును ఇదియే కారణమని అప్పుడు తెలిసినది.

మూడవదాని నల్లపిడి ఎబొనైటు, అనగా గంధకము మిక్కుటముగా చేర్చి గట్టిపరచిన రబ్బరు. వెలుతురు తగిలిన ప్రక్క పొగాకురంగునకు మారియుండెను. తగులని ప్రక్క నిగనిగలాడుచుండెను. దానిపై పూలతీగ నేటికిని ముద్దుగా నున్నది. పిల్లవాడు ఈసారి చీలను తట్టక, సన్నని బరమాతో మెల్లమెల్లగా తొలిచెను. చీల పొడియై రాలినది. మేము సంతోషించుచుండగనే, రేకును ఎత్తునప్పుడు పిడి పాతకాలపు రాతిపలకవలె టక్కున రెండైనది. వెలుతురు సోకిన ప్రక్కనే విరిగినది. పిల్లవాడు కత్తిని బల్లపై నుంచి లేచిపోయెను. రెండుదినములు ఆ గదిలో అడుగు పెట్టలేదు. మూడు కత్తులు, మూడు పిడులు, మూడును ముక్కలు. కొమ్మును నానబెట్టినను పగిలినది. సెల్యులాయిడును ముట్టకున్నను చిట్లినది. ఎబొనైటును బుజ్జగించినను విరిగినది. ఉక్కు మాత్రము మూడింటియందును చెక్కుచెదరలేదు.

ఇంతకును మేము నేర్చినదేమి? ఇట్టి కత్తులు మన సోదరీమణుల యిండ్లలో నున్నచో పనికివచ్చునని కొన్ని మాటలు చెప్పెదము. ఉక్కుపై నల్లనిమచ్చ వేరు, ఎఱ్ఱతుప్పు వేరు. నల్లనిది వయస్సు తెచ్చిన రంగు. దానివలన కీడు లేదు, వదలివేయవచ్చును. ఎఱ్ఱనిది తినుచున్నది; దానిని నూనె తడిపిన మిక్కిలి సన్నని గరుకుకాగితముతో మెల్లగా రుద్ది పోగొట్టవలెను. అంచున గుంటలు పడిన కత్తి గొరుగుటకు పనికిరాదు. ప్రక్కన పడినచో అందమునకే లోటు. చీలను కదపకయే, నూనెలో ముంచిన గుడ్డపేలికను పిడి రేకుల నడుమ ఇటునటు లాగినచో లోపలి తుప్పు చాలవరకు వచ్చును. చీల తిరుగుచున్నంతకాలము దానిజోలికి పోకుండుటే మేలు. కొబ్బరినూనె, నువ్వులనూనె ఏండ్లతరబడి నిలిచి జిగురగును. కుట్టుమిషనునకు వేయు నూనె అట్లు కాదు. సీసపు ఒత్తును పిల్లలు తిరుగు ఇంట ఆకురాతితో అరగదీయరాదు. ఆ పొడి విషము. కర్పూరపువాసన వచ్చు పిడి గల కత్తిని తక్కినవానితో కలిపి ఉంచరాదు, మూతపెట్టెలో బంధింపరాదు, దీపముకడకు తేరాదు. తోలుసంచి తడిని పీల్చి పట్టియుంచును గనుక కత్తిని దానిలో దాచిపెట్టరాదు.

మూడు కత్తులకును క్రొత్తపిడులు కావలసి వచ్చెను. ఎబొనైటుతో కలములు చేయు విద్యకు రాజమహేంద్రవరము పేరుగన్నది. రత్నం కలములు 1932 మొదలు అక్కడ పుట్టినవే. కలములకు వాడునట్టి కడ్డీల ముక్కలు కొన్ని తెప్పించి, చదునుచేసి, పిల్లవాడు మాసముదినములు రాచి రాచి రెండు పిడులు చేసెను. జర్మనీ కత్తికి టేకుపిడి వేసెను. పెద్దాయన మూడింటిని నూరి, తోలుపట్టీపై ముప్పదిసార్లు రాచి, తన ముంజేతి వెండ్రుకలపై పరీక్షించి చూపెను. తాతగారి కత్తితో మనుమడు గడ్డము గీసికొన్న యుదయమున అత్తగారు వాకిటికి వచ్చి చూచి, "మీ తాతగారును గడ్డముక్రింద అట్లే తల వంచెడివారు" అనిరి. మా శ్రమకు అదియే కూలి.

మిగిలినది నాలుగవ కత్తి. అన్నింటికంటె సులభమైనది ఇదియే. కమ్మరి కొట్టిన దళసరి యలుగు. ఒకే ఇనుపచీల, అదియు వదులైనది. పగులుటకు మిగిలిన పిడి కూడ సగమే. ఎబొనైటు ముక్క యొకటి సిద్ధముగా నున్నది. ఇంతకాలము మమ్ము ఏడిపించిన పని ఇక్కడ అరగంటలో ముగియునదియే. పిల్లవాడు కొలత తీసికొనుచుండగా అత్తగారు వచ్చి, "దానికి పిడి వేయవద్దు నాయనా" అనిరి.

"విరిగిపోయినది గదా, మామ్మా" అనెను వాడు.

"విరిగిపోలేదు. విరిచినారు" అనిరి అత్తగారు.

అప్పుడు చెప్పిరి. ఆ కత్తితో మగవారెవరును గడ్డము గీసికొనలేదు. మామగారి మేనత్త పదునాలుగవ యేట భర్తను గోల్పోయినది. ఆనాటి యాచారము ననుసరించి ఆమెకు శిరోముండనము చేయించిరి. బయటికత్తి తగులుట మడికి పనికిరాదని పెద్దలు ఈ కత్తిని ప్రత్యేకముగా చేయించి, పెరటివసారా గూటిలో నుంచిరి. నెలకొకసారి క్షురకుడు వచ్చుట, ఆమె తల వంచుకొని పెరటిలో గూర్చుండుట, ఆ కత్తి గూటికి మరల పోవుట. ఇట్లు ఇరువదియేండ్లకు పైగా గడచినవి. 1856లోనే వితంతు వివాహమును అంగీకరించు చట్టము వచ్చియుండెను. 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించియుండిరి. 1890లో బొంబాయిలో క్షురకులు సభచేసి, వితంతువుల తలలు గొరుగమని తీర్మానించుకొనియుండిరి. ఇవన్నియు ఆ పెరటిగోడ ఆవలనే నిలిచిపోయినవి.

1930 ప్రాంతమున ఆమె మేనకోడలు, పదునారేండ్ల పిల్ల, భర్తను గోల్పోయి యింటికి వచ్చినది. పెద్దలు దినము నిర్ణయించి, ఉదయమున రమ్మని క్షురకునకు కబురంపిరి. ఆ రాత్రి మేనత్తగారు లేచి, గూటిలోని కత్తిని దీసి, సన్నెకంటిపై నుంచి, పొత్రముతో దాని పిడిని విరుగగొట్టినది. రెండు ముక్కలను వసారా అరుగుపై నందరికి కనబడునట్లు పెట్టి పోయి పండుకొనినది. తెల్లవారి క్షురకుడు వచ్చి వానిని చూచెను. అతని పొదిలో అతని కత్తులు నాలుగున్నవి. "బయటికత్తి ఈ యింట తగులరాదని మీ నియమము గదా బాబూ. ఇంటికత్తి బాగైనప్పుడు కబురుచేయుడు" అని చెప్పి, పొది విప్పకయే వెడలిపోయెను.

"ఒక్క అణా ఇచ్చినచో కమ్మరి ఆ పూటకే క్రొత్తపిడి వేసియుండును" అనిరి అత్తగారు. "ఇంట ఎవరును వేయింపలేదు. ఆమె మామగారు వేయింపలేదు, అన్నగారు వేయింపలేదు. ఎవరును కూడదనలేదు, ఎవరును మంచిదనలేదు. మరచినట్లు నటించిరి. ఆ పిల్ల జుట్టు నిలిచినది. ఆమె చదువుకొని పంతులమ్మయైనది. నేను కాపురమునకు వచ్చునప్పటికి మేనత్తగారికి డెబ్బదియేండ్లు దగ్గరపడినవి. నెరసిన జడ వేసికొనెడిది. ఈ కథ ఆమె చెప్పినదే. ఆ కత్తిని పారవేయుటకును, బాగుచేయుటకును నాకు మనసు రాలేదు. మీకు చెప్పవలసిన సమయము వచ్చినప్పుడు చెప్పవచ్చునని దాచితిని."

పిల్లవాడు కొలబద్దను ప్రక్కన పెట్టెను. మేమిరువురము కొంతసేపు మాటలాడలేదు. ఇన్ని మాసములుగా విరుగవద్దు విరుగవద్దని బ్రతిమాలిన పిడులన్నియు విరిగినవి. తొంబదియేండ్లకు పైగా విరిగియే యుండి పనిచేసిన పిడి ఇది యొక్కటియే. దానిని అదికినచో అందము వచ్చియుండును. ఆ యింటివా రెవరును చేయింపని పనిని మేము చేసినవారమై యుండెడివారము.

పాతదానిని బాగుచేయుట మంచిపనియే. ఇంట విరిగిన దేదైన కనబడినచో మన చేతులు ఊరకుండవు. అదుకుదుము, కుట్టుదుము, మాటువేయించుదుము. అది మన గుణము, మన గృహముల బలము. కాని చేయి పెట్టుటకు ముందు అది ఎందుకు విరిగినదో ఇంటి పెద్దల నొక్కమారు అడుగుట మంచిది. కొన్ని కాలమువలన విరుగును, వానిని బాగుచేయవలెను. కొన్ని తమలోని దోషమువలన విరుగును, వానిని మార్చవలెను. కొన్నింటిని ఎవరో పూని విరిచియుందురు. వానిని విరిగినట్లే కాపాడవలెను. ఏది యేదో చెప్పగలవారు మన యిండ్లలో వృద్ధులై యున్నారు. వారుండగనే అడుగవలెను.

ఆ పొట్టికత్తికి తుప్పు పెరుగకుండ నూనె మాత్రము రాచితిమి. విరిగిన రెండు ముక్కలను దానితో జేర్చి, పలుచని నూలుగుడ్డలో చుట్టి, అత్తగారు చెప్పిన కథను ఆమె మాటలలోనే ఒక కాగితముపై వ్రాసి, ఆమెచేత సంతకము చేయించి, లోపల నుంచితిమి. కాగితము చివర పిల్లవాడు తన చేతితో నొక పంక్తి చేర్చెను: "ఈ కత్తికి పిడి వేయరాదు."